కందిపప్పుకు మర్యాద రేటు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని ధరలు అడగడం. కొనడం కాదు, అమ్మడం కాదు, బేరమాడటం అసలే కాదు. అడిగి, రాసుకుని, వచ్చేయడం. మా అత్తగారు నేను రేషన్ ఆఫీసులో పనిచేస్తున్నాననే చివరిదాకా అనుకున్నారు. కార్డులో కొత్త కోడలి పేరు ఎక్కించమని చుట్టాలందరినీ నా దగ్గరికే పంపేవారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, నలుగురైదుగురి పేర్లు నేనే ఆఫీసుల చుట్టూ తిరిగి ఎక్కించి పెట్టాను. నా ఉద్యోగం వల్ల మా చుట్టాలకు కలిగిన మేలు అదొక్కటే.

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాసివ్వండి మేడం అన్నారు. సరే అన్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. ఆలస్యంగా వచ్చాయి, వాటిలో మీరు నేర్చుకునేది ఏమీ లేదు. ఫారాల సంగతి కూడా రాయను. ఇప్పుడు మీ చేతుల్లో ట్యాబ్‌లు ఉన్నాయి, నా తరం ఫారాలకు చెదలు పట్టాయి. కందిపప్పు సంగతి మాత్రం రాస్తాను. అది ఇంకా పాతబడలేదు.

పని అంటే ఇదీ

ఖమ్మంలో తెల్లారగట్ల బస్సెక్కితే ఒక వారం ఏన్కూరు వైపు, ఒక వారం భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు. ప్రతి నెలా అదే ఊరు, అదే కొట్టు, అవే వస్తువులు. బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత, నూనె ఎంత. ఇలా రాష్ట్రమంతా పోగైన ధరలను కలిపి పై ఆఫీసులో ఒక అంకె తేలుస్తారు. ఆ అంకె పెరిగితే ఆర్నెల్లకోసారి కూలీల రోజు కూలికి కరువు భత్యం కలుస్తుంది. పెరగకపోతే కలవదు. అంటే బజారులో ధర ఎంత మండిపోయినా సరే, అది నా కాగితంలో మండితేనే కూలివాడికి రూపాయి రాలుతుంది.

మాకు ఇచ్చిన వస్తువుల జాబితా ఎప్పుడో మా పెద్దల కాలంలో తయారైంది. అందులో లాంతరు గాజు ఉండేది. ఊళ్లలోకి కరెంటు వచ్చింది, సెల్‌ఫోన్లు వచ్చాయి, లాంతర్లు పోయాయి. జాబితాలో మాత్రం గాజు నిక్షేపంగా ఉంది. దొరకడం లేదు అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. గడి ఖాళీగా ఉండకూడదు, పోయిన నెల ధరే మళ్లీ వేయండి అన్నారు. అలా మా జిల్లాలో లాంతరు గాజు ధర ఏళ్ల తరబడి పైసా పెరగలేదు. దొరకని వస్తువంత చౌకైనది ఇంకొకటి ఉండదని నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది. ప్రతి కూలీ ప్రతి నెలా వేయించుకునే ఫోన్ రీచార్జికి మాత్రం జాబితాలో గడి లేదు. దానికి ఎంతైనా పెరిగే స్వేచ్ఛ ఉండేది.

మా సూపరింటెండెంటు గారు మంచి మనిషి. లంచం ముట్టరు, గొంతు పెంచరు, ఆడవాళ్లను సాయంత్రం ఐదు దాటాక ఆఫీసులో ఉంచరు. ఆయనకు ఉన్న ఒకే ఒక భయం సంజాయిషీ. ఏ ధరైనా గట్టిగా పెరిగిందని రాస్తే, ఎందుకు పెరిగిందో పక్కన కారణం రాయాలి. ఆ కారణం చాలకపోతే పై ఆఫీసు ఆయనను అడుగుతుంది. ధర పెరగలేదని రాస్తే ఎవరూ ఏమీ అడగరు.

"సరోజ గారూ, నిలకడ ముఖ్యం. ధరలు నిలకడగా లేకపోయినా మన రిపోర్టు నిలకడగా ఉండాలి" అనేవారు.

ఉన్నమాట చెబుతాను. లంచగొండి ఆఫీసరు తన ముందు కూర్చున్నవాడి జేబు కొడతాడు. సంజాయిషీ రాయడానికి బద్ధకించే ఆఫీసరు ఎంతమంది జేబులు కొట్టాడో ఆయనకే తెలియదు. పైగా నిద్ర హాయిగా పడుతుంది.

కోటయ్య స్టూలు

దుమ్ముగూడెం అవతల అడవిలో ఇప్పలగుంపు అని ఒక ఊరు నా వంతు. నలభై యాభై ఇళ్లు. పోడు చేసుకునేవాళ్లు, ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు, మిగతా రోజుల్లో దగ్గరలోని మొక్కల నర్సరీలో కూలికి పోయేవాళ్లు. ఊరికి ఒకటే కిరాణా కొట్టు. దాని యజమాని కోటయ్య కల్లూరు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు.

కోటయ్యకు మర్యాద ఎక్కువ. నేను మలుపు తిరుగుతుండగానే లోపలి నుంచి స్టూలు తెచ్చి, భుజం మీది తువ్వాలతో దులిపి వేసేవాడు. స్టీలు గ్లాసులో ఛాయ్ వచ్చేది. ఆ తరువాత ధరలు వచ్చేవి. కందిపప్పు పావుకిలో ముప్పై అయిదు, మేడం. ఉప్పు ఇంత, నూనె ఇంత. అడిగిందే తడవుగా చెప్పేవాడు.

నేనేమీ అమాయకురాలిని కాదు. నోటిమాట నమ్మి రాసుకుపోయేవాళ్లను చాలామందిని చూశాను. అందుకే అప్పుడప్పుడు అక్కడే పప్పు కొని చూసేదాన్ని. చెప్పిన ధరకే తూకం వేసి ఇచ్చేవాడు, పైన నాలుగు పప్పులు ఎక్కువే పడేవి. ఇంతకంటే నిజం ఏముంటుందని నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. పప్పు కూడా బాగా ఉడికేది.

ధరల రోజు ఎప్పుడూ పనిరోజే. నేను వెళ్లేసరికి ఊళ్లో ముసలివాళ్లు, కోళ్లు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అందరూ నర్సరీలోనే. తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే మాత్రం, పని దిగి వచ్చే ఆడవాళ్లు కలిసేవారు. వాళ్లలో ముత్తమ్మ ఒకతె. నర్సరీలో సంచులకు మట్టి నింపే కూలి. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం ఊరంతటికీ వినబడుతుంది. మొగుడు పోయాడు. ఒక్కతే బిడ్డ, శిరీష. ఖమ్మంలో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది.

ఒక సాయంత్రం ముత్తమ్మ నా పక్కనే కూలబడి అడిగింది. "మేడం, ఈ తడవన్న భత్తెం పెరుగుతదా?"

"అది పైవాళ్లు చూస్తారు ముత్తమ్మా. నా చేతుల్లో ఏముంది?"

ఇది మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చిన జవాబు. లెక్క ఎలా జరుగుతుందో జనానికి చెప్పొద్దని ఎక్కడా రాసిలేదు. చెప్పే అలవాటు మాత్రం ఎవరికీ లేదు.

"హాస్టల్ల మెస్సు బిల్లు పెంచిన్రట. పిల్ల రాత్రి బువ్వ బంద్ చేయించుకున్నది. ఒక్క పూటే తింటున్న, తక్కువైతది అమ్మా అని ఫోన్ల చెప్పింది" అంది ముత్తమ్మ. గొంతు తగ్గించి మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. "రోగులకు మందులిచ్చే చదువు గదా మేడం. గది చదువుకుంట తానే పస్తు పంటున్నది."

బస్సు వచ్చింది, ఎక్కేశాను. సంచిలో కోటయ్య ఇచ్చిన చవక పప్పు ఉంది.

వాగు చేసిన ఉపకారం

ఆ వానాకాలం ఒక నెల వాగు పొంగి ధరల రోజున బస్సు నడవలేదు. ఆదివారం నాటికి నీళ్లు తగ్గితే ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. ఆదివారం నర్సరీకి సెలవు. కోటయ్య కొట్టు ముందు జనం ఉన్నారు. నేను వెనక నిలబడ్డాను. స్టూలు రాలేదు, ఎందుకంటే కోటయ్య నన్ను చూడలేదు.

ముత్తమ్మ పావుకిలో పప్పు తీసుకుంది. నలభై అయిదు రూపాయలు ఇచ్చింది. కోటయ్య చిల్లర ఇవ్వలేదు, ఆమె అడగలేదు.

"కోటయ్యా, పప్పు ముప్పై అయిదు కదా?" అన్నాను.

కోటయ్య నన్ను చూసి తువ్వాల తీశాడు, స్టూలు కోసం వెనక్కి తిరిగాడు, మళ్లీ ఇటు తిరిగాడు.

"గది మీ రేటు మేడం. గిది ఊరి రేటు" అన్నాడు.

"నా రేటేమిటి?"

"అంత పెద్ద మేడం మా కొట్టుకొస్తే, అందరికి చెప్పినట్టే చెప్తమా? మర్యాద ఉండొద్దా?"

ఇన్నేళ్లు నేను రాసుకుపోయింది ధరలు కాదు, నాకు జరిగిన మర్యాద. దానినే పై ఆఫీసులో కూడి, భాగించి, దశాంశ స్థానాలతో అంకె తేల్చారు.

"కోటయ్యను అనకుండ్రి మేడం. తక్కువ చెప్పుమన్నది నేనే" అంది ముత్తమ్మ.

ఆమె చెప్పిన సంగతి ఇది. తునికాకు కాలంలో ఒక సారు వచ్చి కాగితం మీద కట్టకు ఇంత అని రాస్తాడు. ఆ సీజనంతా అదే రేటు. ఇప్పపువ్వు కొనేచోట బోర్డు మీద ఒక సారు రాస్తాడు. అదే రేటు. రేషన్ షాపులోనూ అంతే. ఇప్పలగుంపుకు కాగితం పట్టుకుని వచ్చిన ప్రతి సర్కారు మనిషీ రేటు రాసేవాడే, రాసిందే రేటు. అందుకని మేడం కాగితంలో పప్పు ధర ఎంత రాస్తే అంతకే కోటయ్య అమ్మాల్సి వస్తుందని ఊరంతా నమ్మింది. ముత్తమ్మే ఊరి తరఫున కోటయ్య దగ్గరికి వెళ్లి, మేడం వచ్చినప్పుడు నాలుగు రూపాయలు తగ్గించి చెప్పు అని ఒప్పించింది. కోటయ్య తన మర్యాద కొద్దీ ఇంకాస్త తగ్గించాడు.

"మరి నేను రాసుకుపోయినా ధర తగ్గలేదు కదా? అనుమానం రాలేదా?" అన్నాను.

"పైకెల్లి ఆర్డర్ రావాలె గదా మేడం. సర్కారు పని జల్దీ అయితదా?" అంది.

మా సర్కారు మీద అంత ఓపిక, అంత నమ్మకం ఉన్న ఊరిని నేను మళ్లీ చూడలేదు.

అప్పుడు చెప్పాను. కొట్టు అరుగు మీద నిలబడి, నేను రాసే ధరకు, కోటయ్య అమ్మే ధరకు సంబంధం లేదని, వాళ్ల కూలికి సంబంధం ఉందని చెప్పాను. నేను తక్కువ రాస్తే పప్పు చవక కాదు, భత్యం ఆగిపోతుంది.

"అంటే మా కూలిని మేమే కోసుకున్నమా?" అంది ముత్తమ్మ. "నా బిడ్డ రాత్రి బువ్వ నేనే ఆపిన్నా?"

కాదని అన్నాను. గట్టిగా అనలేకపోయాను. ఆమె పప్పు పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

వెనక నుంచి ఒక పెద్దాయన, "అయితే ఇప్పుడు నూర్రూపాలు అని రాసుకోండ్రి మేడం, పోయినయ్ అన్నీ వసూలైతయ్" అన్నాడు. అందరూ హుషారుగా తలూపారు. కోటయ్య అయితే నూట ఇరవై అన్నాడు. ఆ మనిషి ఎటు మొగ్గినా మర్యాదకు లోటు రానివ్వడు. అలా కుదరదని, ముత్తమ్మ ఇచ్చిన నలభై అయిదే రాస్తానని చెప్పి, అదే రాశాను.

పెద్ద సారు రేటు

కారణం గడిలో నాకు తోచిన నిజం రాశాను. "ధర పెరగలేదు. మర్యాద తగ్గింది."

సూపరింటెండెంటు గారు ఆ కాగితం పట్టుకుని తలా పట్టుకున్నారు. "ఇదేం కారణమమ్మా? దీన్ని ఏ పద్దులో వేయను?" అన్నారు. ఆ నెలతో ఆర్నెల్ల లెక్క మూసేస్తారు. ధర రుజువు కాకపోతే పాత ధరే మళ్లీ వేస్తారు, అంటే ముత్తమ్మకు ఇంకో ఆర్నెల్లు భత్యం మాట లేదు, ఆమె బిడ్డకు రాత్రి అన్నం లేదు. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన "నేనే వచ్చి చూస్తాను. ఫీల్డు చూసి చాలాకాలమైంది" అన్నారు. ఎంత కాలమో నాకు తెలుసు. ఆయన ఎన్నడూ చూడలేదు. పనిరోజు వద్దు సార్, ఆదివారం పోదాం అన్నాను. సెలవు పోతుందని గొణిగారు కానీ వచ్చారు.

జీపులో వెళ్లాం. తప్పు అక్కడే జరిగింది. ఇప్పలగుంపులో జీపు ఆగడం అంటే మాటలు కాదు. కోటయ్య ఈసారి స్టూలు కాదు, ఇంట్లోంచి కుర్చీ తెచ్చాడు. దాని మీద దుప్పటి పరిచాడు. ఛాయ్‌తో పాటు బిస్కట్లు వచ్చాయి.

సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకుని అడిగారు. "కందిపప్పు పావుకిలో ఎంతయ్యా?"

నేను కోటయ్య వైపు చూశాను. అన్నీ చెప్పి ఉంచాను. నలభై అయిదు అని నోటితో వల్లె వేయించాను కూడా. కోటయ్య జీపు వైపు చూశాడు, సారు బూట్ల వైపు చూశాడు. నరనరాన ఉన్న మర్యాద పైకి తన్నుకొచ్చింది.

"ముప్పై, సార్."

నాకంటే పెద్ద ఆఫీసరు కదా, ఇంకో అయిదు తగ్గింది. సూపరింటెండెంటు గారు నా వైపు జాలిగా చూసి పెన్ను మూత తీశారు. ఆ పెన్ను కాగితం మీద ఆనితే అంతా అయిపోయినట్టే.

"ఆగుండ్రి సారూ" అంది ముత్తమ్మ. ఎక్కడి నుంచి వచ్చిందో, చేతిలో సంచితో నా ముందు నుంచి కౌంటర్ దగ్గరికి వెళ్లింది. మూడు పది నోట్లు పెట్టింది. "కోటయ్యా, పావుకిలో పప్పు తూచు."

కోటయ్య ఆమె ముఖం చూశాడు, సారు ముఖం చూశాడు. తూచి ఇచ్చాడు. ఆమె పక్కకు జరగలేదు, వెనక్కి తిరిగి ఒక కేక వేసింది. ఊరంతటికీ వినబడే మాట అని ముందే చెప్పాను కదా.

"ఓ లచ్చక్కా, సంచి పట్టుకొని రాండ్రి. కోటయ్య పప్పు ముప్పైకి ఇస్తుండు. పెద్దసారు కూసున్నంతసేపు గదే రేటు."

ఇళ్లలోంచి జనం కదిలారు. సంచులు, గిన్నెలు, ఒకావిడ ఏకంగా బిందె. కొట్టు ముందు నుంచి బోరింగు దాకా బారు కట్టారు. కోటయ్య రెండో పావు తూచాడు, మూడోది తూచాడు. బస్తా సగానికి దిగుతోంది, బారు మాత్రం తరగడం లేదు. సారు బిస్కట్ తినడం ఆపేశారు.

బిందె ఆవిడ వంతు వచ్చేసరికి కోటయ్య తక్కెడ కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"సారూ, నన్ను కాపాడుండ్రి. నేను భద్రాచలంల కొనేదే నలభైకి. ముప్పై అన్నది మీ మీద గౌరవంతోని చెప్పిన. అసలు రేటు నలభై అయిదు. రోజూ గదే. మేడం రాసింది నిజం."

ముత్తమ్మ తన పొట్లానికి ఇంకో పదిహేను రూపాయలు తీసి కౌంటర్ మీదికి తోసింది. "గిది తీస్కో. ఇప్పుడు రాసుకోండ్రి సారూ" అంది.

సూపరింటెండెంటు గారు రాసుకున్నారు. నలభై అయిదే రాశారు. కారణం గడిలో నా వాక్యం కొట్టేసి "మార్కెట్ పరిస్థితులు" అని వేశారు. మార్కెట్ ఎక్కడుంది సార్ అని అడగబోయి ఊరుకున్నాను. కొట్టేసిన వాక్యానికి బాధపడే పని లేదు, అంకె నిలిస్తే చాలు.

తిరుగు దారిలో ఆయన భద్రాచలం బ్రిడ్జి దాటాక అన్నారు: "సరోజ గారూ, నేను ఇంట్లో కూరగాయలు కొంటే కూడా నాకు తక్కువకే ఇస్తారు. మా ఆవిడకు ఎక్కువ పడుతుంది. నా బేరం గొప్పదనుకునేవాడిని."

పాపం, ఆ రోజు ఆయన మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది. మరునాడే మా వాళ్లందరినీ ఆదివారాలు వెళ్లి, కొనేవాళ్ల వెనక నిలబడి ధరలు సరిచూడమన్నారు. కుర్చీ, స్టూలు, ఛాయ్ అన్ని ఊళ్లలోనూ బయటపడ్డాయి. ఏన్కూరు వైపు ఒక కొట్టులో మా సహోద్యోగికి మజ్జిగ కూడా ఇచ్చేవారట.

ఇప్పలగుంపు ఒక్కటే మారి ఉంటే రాష్ట్రం లెక్కలో చిటికెడు ఉప్పంత. మిగతా జిల్లాల వాళ్లూ అలాగే సరిచూసి, అన్నిచోట్లా కొంత కొంత కదిలింది కాబట్టి ఆ ఆర్నెల్లకు భత్యం కలిసింది. గొప్పగా ఏమీ కాదు. పోయిన ఏళ్ల బాకీ ఎవరూ తీర్చలేదు, తీర్చరు కూడా. బస్సు దగ్గర ముత్తమ్మ కనబడితే ఎలా ఉందని అడిగాను.

"రాత్రి బువ్వ మల్ల రాయించుకున్నది మేడం. నిన్న ఫోన్ల గుడ్డు కూర పెట్టిన్రని చెప్పింది" అంది. చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. సిగ్గుపడలేదు.

పోయిన నెల

పదవీ విరమణ అయ్యాక పోయిన నెల ఇప్పలగుంపు వెళ్లాను, ఊరికే. సెలవు రోజు. కోటయ్య పలకరించాడు కానీ స్టూలు తేలేదు. పావుకిలో పప్పు అడిగితే తూచి, యాభై అన్నాడు. నేను యాభై ఇచ్చాను. జీవితం అంతటిలో ఎక్కువ ధరకు కొని సంతోషించింది అదొక్కసారే.

అరుగు మీద ముత్తమ్మ కూర్చుని ఉంది. శిరీష చదువు చివరి ఏడాదికి వచ్చిందని చెప్పింది. ఆ తరువాత నా చేతిలో పొట్లం చూసి నవ్వింది.

"ఇప్పుడు మీరు మాలెక్కనే మేడం. గాని ఒక మాట. మీ జాగల కొత్త పిల్ల వస్తున్నది. చేతుల పలక లాంటి మిషన్ ఉన్నది. మంగళారం మేము నర్సరీకి పోయినంక వచ్చిందట."

నేను కోటయ్య వైపు చూశాను. కోటయ్య డబ్బాలు సర్దుతున్నాడు.

"స్టూలు వేశావా?" అన్నాను.

"ఆడపిల్ల, ఎండల పడి వచ్చింది మేడం" అన్నాడు.

"ఎంత చెప్పావు?"

కోటయ్య తువ్వాలతో తక్కెడ తుడిచాడు. "నలభై" అన్నాడు మెల్లగా.

మీలో ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. నిన్ను తప్పు పట్టడం లేదు తల్లీ. ఆ ఛాయ్ బాగుంటుంది, తాగు. తాగాక లేచి ఆ స్టూలు లోపల పెట్టించు. సాయంత్రం నర్సరీ వదిలేదాకా రోడ్డు మీద ఆగు. సన్నగా, సంచి పట్టుకుని ఒకావిడ వస్తుంది. ఆమెతో పాటు కొట్టు దాకా వెళ్లి, వెనక నిలబడు. ఆమె కౌంటర్ మీద ఎంత పెడితే అంత రాయి. ఖమ్మం హాస్టల్లో ఒక పిల్ల రాత్రి అన్నం దాని మీద ఆధారపడి ఉంది.

చివరి బస్సు తప్పుతుందేమోనని భయపడకు. ముత్తమ్మ ఇంట్లో పడుకోవచ్చు. నేను చెప్పి వచ్చాను.